సీలు చెక్కుచెదరని సంచి

ఈ సంగతి రాయక తప్పని పరిస్థితి వచ్చింది. నేను పదవీ విరమణ చేశాక ఒకే సంఘటనను రెండు విధాలుగా విన్నాను. కొత్తగా చేరిన అటవీ సిబ్బందికి పాఠాలు చెప్పే ఒకాయన, అడవిలోకి తీసుకువెళ్లే అత్యవసర సంచి ఎంత ఉండాలో తెలియాలంటే ఫలానా రేంజి సంచిని చూడమని చెబుతున్నాడట. కొండలెక్కే సరదా ఉన్న కర్నూలు యువకులు కొందరు అదే సంచిని తెలివితక్కువతనానికి ఉదాహరణగా చెప్పుకుంటున్నారట. ఇరుపక్షాల వారూ నిర్ధారణ కోసం మా ఇంటికే వచ్చారు, ఎందుకంటే ఆ సంచిని తయారు చేయించినవాణ్ని నేనే. ఎవరిది సరైన మాటో నేను చెప్పలేకపోయాను. జరిగినది జరిగిన వరుసలో కాగితం మీద పెడితే నాకైనా స్పష్టత వస్తుందేమోనని రాస్తున్నాను.

పదవీ విరమణకు నాలుగేళ్లు ఉందనగా, ఒక ఫిబ్రవరి మొదటి వారంలో, నన్ను కర్నూలు వైపు నల్లమల నుంచి కడప జిల్లా కొండల్లోని ఒక రేంజికి బదిలీ చేశారు. ఆ రేంజి పేరు రాయను. అక్కడ పనిచేసినవారికి తెలుస్తుంది, మిగిలినవారికి అవసరం లేదు. మా శాఖలో అడవిని బీట్లుగా, కొన్ని బీట్లను ఒక సెక్షనుగా, కొన్ని సెక్షన్లను ఒక రేంజిగా విభజిస్తారు. బీటుకు ఒక బీట్ ఆఫీసరు, ఆ చేతికింద స్థానికులైన వాచర్లు ఉంటారు. రేంజికి రేంజి అధికారి. ఆయన పైన డివిజను అధికారి.

నేను బాధ్యతలు తీసుకున్న మూడో రోజునే డివిజను కార్యాలయం నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. వేసవిలో హద్దు రాళ్ల తనిఖీ జరగాలి. తనిఖీకి వెళ్లే ప్రతి బృందం వెంట ఒక అత్యవసర సంచి ఉండాలి. సంచి పరిమాణాన్ని రేంజి అధికారి తన విచక్షణ మేరకు నిర్ణయించాలి. ‘విచక్షణ’ అన్న మాట నాకు నచ్చలేదు. ఎన్ని కిలోలు, ఎన్ని వస్తువులు, ఎన్ని గంటలకు సరిపడా అని వివరణ కోరుతూ తిరుగు టపాలో రాశాను. స్థానిక పరిస్థితులను బట్టి అని ఒక్క వాక్యం జవాబుగా వచ్చింది. స్థానిక పరిస్థితులు నాకింకా తెలియవు.

నల్లమలలో నేను చాలా ఏళ్లు నడుముకు కట్టుకునే చిన్న తోలు సంచితోనే తిరిగాను. అగ్గిపెట్టె, ఈల, కత్తి, గాయానికి కట్టే గుడ్డ, అంతే. ఒంటి మీద ఉన్న వస్తువే ఒంటితో వస్తుంది, వీపు మీది సంచిని అలసట వచ్చినప్పుడు మొదట దించేస్తాం అని నాకు నేర్పిన పెద్దలు చెప్పేవారు. అయితే నల్లమలలో ఏదో ఒక వాగు తగులుతుంది. ఈ కడప కొండల్లో మార్చి దాటితే రాతిలో సహజంగా ఏర్పడిన దొనల్లో తప్ప నీరు ఉండదు, వాటిలోనూ ఉంటుందన్న హామీ లేదు. వస్తువులన్నింటిలో బరువైనది నీరే. నీరు పెట్టాలంటే సంచి పెరగాలి. పెరిగిన సంచిని మోయడానికి ఇంకా నీరు తాగాలి. ఈ లెక్క నాకు ఎక్కడా తెగలేదు.

మొదట ఆరువందల గ్రాముల నడుము సంచిని సిద్ధం చేయించి, ఓబులేసుకు కట్టి చూపించమన్నాను. ఓబులేసు ఆ రేంజిలోని ఒక బీటులో ముప్పై ఏళ్లుగా వాచరు. యాభై దాటిన మనిషి, పలుచని ఒళ్లు, నోరు మాత్రం బలమైనది. సంచిని అటూ ఇటూ తిప్పి చూసి, “ఇది వక్కాకు సంచి మాదిరుండాది సార్. ఇందులో నీళ్లు యాడ పోసేది?” అన్నాడు.

తరువాత టార్పాలిను, తాడు, ఎనిమిది లీటర్ల నీరు, ఇతర సామగ్రితో పెద్దది కట్టించాను. పట్టుబడిన కలపను తూచే వేలాడే త్రాసుకు తగిలిస్తే పద్నాలుగు కిలోలు చూపింది. ఓబులేసు దానిని మొదటి గుట్ట వరకు మోసి తిరిగి వచ్చాడు. చెమట తుడుచుకుని, “బాగుండాది సార్. కాకపోతే దీన్ని మోసేదానికి ఇంకొక మనిషి కావల్ల. ఆ మనిషికి మళ్లా ఇంకొక సంచి కావల్ల,” అన్నాడు. కార్యాలయంలో అందరూ తలలు వంచుకుని నవ్వారు. నేను నవ్వలేదు. అతను చెప్పినది సరైన అభ్యంతరమే.

చివరికి ఎనిమిది కిలోల దగ్గర ఆగాను. నాలుగు లీటర్ల నీరు, ఉప్పు-చక్కెర పొడి పొట్లాలు, గ్లూకోజు, కట్టుగుడ్డలు, టార్చి, అద్దం, తాడు, పలుచని గుడ్డ వగైరా ఇరవై రెండు వస్తువులు. మందమైన కాన్వాసు సంచి, మూతి దగ్గర తాడు. లోపలి వస్తువుల జాబితాను సంచి మీదే అంటించాను.

రెండు వారాల్లో గ్లూకోజు పొట్లాలు మాయమయ్యాయి. విచారిస్తే మాబాషా అనే వాచరు ఏ సంకోచమూ లేకుండా ఒప్పుకున్నాడు. “నేనే తాగితి సార్. శానా ఎండగా ఉన్నింది.” అతనికి ముప్పై అయిదేళ్లు ఉంటాయి. ఓబులేసు బీటులోనే పని, దానికి ఆనుకున్న ఊరివాడు, చదువు అంతంతమాత్రం. తిన్నది దాచే అలవాటు లేనివాడు కాబట్టి శిక్షించడానికీ వీలు లేకపోయింది. కానీ అవసరానికి ముందే ఖాళీ అయ్యే సంచి, సంచి కాదు. అందుకని ప్రతి సంచి మూతికి తాడు బిగించి, ముడి మీద లక్క కరిగించి పోసి, రేంజి ముద్ర వేయించాను. పట్టుబడిన సొత్తుకు మేము వేసే సీలు అదే. ముద్రను అత్యవసరంలో మాత్రమే తీయాలని ఉత్తర్వు ఇచ్చాను. అత్యవసరం అంటే ఏమిటో మూడు అంశాలుగా నిర్వచించాను: రక్తం కారే గాయం, పాము కాటు లేదా జంతువు దాడి, దారి తప్పి చీకటి పడటం. ముద్ర తీసినవారు అదే రోజు ఇద్దరు సాక్షుల సంతకాలతో కారణం రాసి ఇవ్వాలి.

వాళ్లిద్దరి బీటుకు ఆఫీసరు రూతమ్మ. కమలాపురం దగ్గర ఒక పల్లె. వాళ్ల నాయన చర్చిలో పెద్ద, రెండెకరాల రైతు. ఆమె ఇంకా ప్రొబేషనులో ఉంది, అంటే ఉద్యోగం ఖాయం కావడానికి పై అధికారి మంచి మాట రాయాలి. ఆ పై అధికారిని నేను. మార్చి మొదట్లో ఒక వాచరు పాదంలో తుమ్మముల్లు దిగితే ఆమె ముద్ర పగలగొట్టి కట్టు కట్టింది. ముల్లు తీశాక రక్తం కారలేదని ఆమె రాసి ఇచ్చిన కాగితంలోనే ఉంది. నిర్వచనం ప్రకారం అది అత్యవసరం కాదు కాబట్టి మెమో ఇచ్చాను. మెమో అంటే, ఎందుకు చర్య తీసుకోరాదో సంజాయిషీ కోరే కాగితం. ఆమె సంజాయిషీ ఇచ్చింది. నేను దానిని ఆమోదించి, ఇకపై జాగ్రత్తగా ఉండాలని రాసి, ఆమె సర్వీసు ఫైలులో పెట్టించాను. అప్పట్లో అది నాకు క్రమబద్ధమైన చర్యగానే తోచింది.

మార్చి చివరి వారంలో నలభై ఒకటి నుంచి యాభై ఎనిమిది వరకు హద్దు రాళ్లు చూడాలి. రూతమ్మ, ఓబులేసు, మాబాషా తెల్లవారుతుండగానే కొండెక్కారు. తలా రెండు లీటర్ల సొంత నీరు, రాళ్లకు పూసే సున్నపు డబ్బా, కుంచె, ముద్ర వేసిన సంచి. మా పద్ధతి ఇలా ఉంటుంది. దొరికిన రాయి దగ్గర ఒక మనిషి నిలబడతాడు. మిగిలినవారు ముందుకు వెళ్లి తరువాతి రాయిని వెతుకుతారు. దొరికితే ఒక ఈల, వెనక్కి రమ్మంటే రెండు, ప్రమాదమైతే మూడు. ఈల వినిపించేదాకా వెనుక ఉన్నవాడు రాయిని వదలరాదు, వదిలితే హద్దు వరుస తెగిపోతుంది. ఆ లోయల్లో వాకీటాకీ పనిచేయదు, ఫోను సంగతి చెప్పనక్కరలేదు.

నలభై ఎనిమిదో రాయి దగ్గర మాబాషా నిలబడ్డాడు. మిగిలిన ఇద్దరూ సంచి తీసుకుని నలభై తొమ్మిదో రాయి కోసం వెళ్లారు. అది దొరకలేదు. ఎప్పుడో చరియ విరిగి దానిని కప్పేసిందని తరువాత తెలిసింది. వెతుకుతూ గట్టు దాటి అవతలి లోయలోకి దిగారు. ముందున్న దొనలో ఏడాది పొడవునా నీళ్లుంటాయని ఓబులేసు ధైర్యం చెప్పాడు. దొన అడుగున పగిలిన బురద తప్ప ఏమీ లేదు. అప్పటికి పన్నెండు దాటింది. ఓబులేసు తన నీళ్లు అంతకు ముందే తాగేశాడు.

ఇక్కడి నుంచి ముగ్గురి వాంగ్మూలాలూ పొసగవు. నేను వాటిని ఎన్నిసార్లు చదివానో చెప్పలేను.

రూతమ్మ వాంగ్మూలం ప్రకారం, ఓబులేసు ఒక బండ నీడన కూలబడ్డాడు. మొదట తల తిప్పుతోందన్నాడు. కొంతసేపటికి చెమట ఆగిపోయింది, ఒళ్లు పెనంలా కాలింది, మాట ముద్దగా వచ్చింది. ఆమె తన సీసాలో మిగిలిన నీటిని మూతతో కొలిచి అతని నోట్లో పోసింది. మూడు ఈలలు వేయబోతే నోరెండి ఊపిరి చాలలేదు. వేసిన ఒకటి రెండూ గట్టుకు తగిలి ఎటు పోయాయో తెలియదు. అతన్ని వదిలి వెళ్లలేకపోయింది, మోసుకు వెళ్లనూ లేకపోయింది. అప్పుడు సంచి మూతి మీద చేయి వేసింది.

ఆపింది ఓబులేసే. ఆ పరిస్థితిలోనూ అతను ఆమె చేయి పట్టుకుని, “వద్దు మ్మా. రకతం యాడ కారతాండాది? పాము యాడుండాది? పొద్దు కూడా పల్యా. సీలు తీస్తే సారు మళ్లా నీ పేరే రాస్తాడు. నాకేం కాలేదులే, రోంతసేపు పండుకుంటా,” అన్నాడని ఆమె రాసింది. నా ఉత్తర్వులోని మూడు అంశాలనూ ఆ వాచరు కంఠతా పట్టాడు. రేంజిలో మరెవరూ పట్టలేదు.

ఓబులేసు వాంగ్మూలంలో ఈ మాటలు లేవు. దొన దాటాక తనకేమీ జ్ఞాపకం లేదని, మేడం ఎప్పుడూ తన మాట వినలేదని, ఇప్పుడు మాత్రం ఎందుకు వింటుందని చెప్పాడు.

మాబాషా నలభై ఎనిమిదో రాయి దగ్గర గంటన్నర నిలబడ్డాడు. ఈల రాలేదు. రాయి వదలరాదన్న నియమం అతనికి తెలుసు. వదిలాడు. ఎందుకు వదిలావని విచారణలో అడిగితే, “రాయి యాడికీ పోదు గద సార్. మనుషులే పోయిండారు,” అన్నాడు. రూతమ్మ తిరుగు దారి కోసం అక్కడక్కడ బండల మీద సున్నం చుక్కలు పెట్టుకుంటూ వెళ్లింది. అది నేను చెప్పిన పద్ధతి కాదు, ఆమె సొంత ఆలోచన. ఆ చుక్కల వెంబడి అతను గట్టు దాటాడు. ఈ సున్నం చుక్కల విషయం ఒక్కదానిలోనే వాంగ్మూలాలు కలుస్తాయి.

అతను చూసిన దృశ్యాన్ని అతని మాటల్లోనే రాయించాను. “ఓబులేసన్న బండ కింద పండుకోనుండాడు. తల కింద దిండు మాదిరి సంచి పెట్టిండాది. మేడం కొంగుతో ఇసురుతాండాది. సంచి తీస్తిరా మేడం అంటే ల్యా అనె.”

నాలుగు లీటర్ల నీరు ఆ మనిషి తల కింద ఉంది.

మాబాషా సంచిని లాగి, కొడవలితో అడుగు భాగాన్ని నిలువునా చీల్చాడు. నీళ్లు తీసి ఒంటి మీద పోశారు. గుడ్డ తడిపి చంకల్లో, మెడ మీద పెట్టారు. ఉప్పు-చక్కెర పొడి కలిపి చుక్కచుక్కగా తాగించారు. రెండు గంటల తరువాత ఓబులేసు కళ్లు తెరిచి మొదట అన్నది, “ఏమప్పా బాషా, రాయి వదిలేసి వస్తివా? సారు చూస్తే కొడతాడు,” అని. ఇద్దరూ అతన్ని చెరో భుజం కింద పట్టుకుని దించారు. పొద్దు వాలుతుండగా కొండ పాదాన జీపు దగ్గర వేచి ఉన్న నాకు కనిపించారు. అక్కడి నుంచి నేరుగా కడప ఆసుపత్రికి తీసుకువెళ్లాను. అయిదు రోజులు ఉంచారు. మూత్రపిండాల మీద వడదెబ్బ ప్రభావం కనబడిందని, ఇంకొంచెం ఆలస్యమైతే చెప్పలేమని డాక్టరు అన్నాడు. కోలుకున్నాడు. కొండ పని మాత్రం మళ్లీ చేయలేకపోయాడు. నర్సరీలో మొక్కలకు నీళ్లు పెట్టే పనికి మార్చాను.

మరునాడు ఉదయం మాబాషా సంచిని తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. అడుగు చీలి, లోపలి వస్తువులు వేలాడుతున్నాయి. మూతి దగ్గర తాడు, ముడి, ముడి మీద లక్క, లక్క మీద రేంజి ముద్ర, అక్షరం చెరగకుండా ఉన్నాయి. అతను ఆ ముద్ర వైపు చూపించి, “సీలు ముట్టల్యా సార్,” అన్నాడు. వెటకారమేమోనని ముఖం చూశాను. కాదు. రూతమ్మకు మళ్లీ మెమో రాకుండా ఉండాలని, ఆ తొందరలోనూ ఆలోచించి చేసిన పని అది. కారణం రాసి ఇవ్వమని నేను అడగలేదు. ముద్ర తీయలేదు కాబట్టి నా ఉత్తర్వు ప్రకారం అడగడానికి వీలే లేదు.

డివిజను కార్యాలయం విచారణ కోరింది. ‘సంచి పరిమాణం తగినంత ఉన్నదా?’ అన్నది మొదటి ప్రశ్న. నేను మూడు ముసాయిదాలు రాసి చించేశాను. తగినంత ఉంది, అందులో కావలసిన ప్రతి వస్తువూ ఉంది అని రాస్తే అది నిజం. తగినంత లేదు అని రాస్తే అబద్ధం. కానీ తగినంత ఉన్న సంచిని తల కింద పెట్టుకుని మనిషి చావబోయాడన్నదీ నిజమే. చిన్న సంచి అయి ఉంటే నేను ముద్ర వేసేవాణ్ని కాను, అందులో నీళ్లూ ఉండేవి కావు. పెద్ద సంచి అయి ఉంటే వాళ్లు దానిని నలభై ఎనిమిదో రాయి దగ్గరే మాబాషాకు అప్పగించి వెళ్లేవారు, అప్పుడు అంత బరువుతో రాయి వదలడానికి అతనికి కాళ్లు వచ్చేవి కావేమో. చివరికి ‘పరిమాణం తగినది, వినియోగ నిబంధన తగినది కాదు, ఆ నిబంధన నాది’ అని రాశాను. నిబంధన గురించి ఎవరూ అడగలేదు. పరిమాణం తగినదన్న ముక్కను మాత్రం తీసుకుని, మిగిలిన రేంజిలకు ఎనిమిది కిలోల సంచిని నమూనాగా పంపారు. పాఠాలు చెప్పే ఆయనకు అందినది ఆ ముక్కే అనుకుంటాను. కర్నూలు యువకులకు అందినది చీలిన సంచి కథ.

నేను వెంటనే ముద్రలు తీయించాను. అత్యవసరం నిర్వచనాన్ని రద్దు చేశాను. రూతమ్మ ఫైలులోని నా పాత మెమో తప్పుగా ఇచ్చినదని రాసి సంతకం చేసి, దాని పక్కనే పెట్టాను. ఆమె ప్రొబేషను సకాలంలో ముగిసింది. సున్నపు డబ్బాను సంచిలో చేర్చాలని కూడా ఉత్తర్వు ఇచ్చాను. మరుసటి నెలలో ఒక సంచిలో డబ్బా మూత ఊడి కట్టుగుడ్డలన్నీ సున్నమయ్యాయి. ఆ ఉత్తర్వునూ వెనక్కి తీసుకున్నాను. ముద్ర లేకపోవడంతో గ్లూకోజు మళ్లీ మాయం కాసాగింది. ప్రతి సోమవారం కొత్త పొట్లాలు పెట్టించాను. సంచి ఎలా ఉండాలని వాచర్లందరినీ అడిగితే, ఒక్కొక్కరు ఒక్కో బరువు చెప్పారు. మాబాషా మాత్రం, “ఎంతన్నా ఉండనీ సార్. కింద పక్క కూడా ఒక మూతి పెట్టీయండి,” అన్నాడు.

ఈ ఉదంతం నాకు నేర్పినది ఇంతే. సంచిని బరువుతో కొలవకూడదు. దానిని మోసే వారిలో అందరికన్నా చిన్న ఉద్యోగి, ఎవరినీ అడగకుండా, ఎవరికీ భయపడకుండా తెరవగలిగినంత సంచి సరైన సంచి. అది ఆరువందల గ్రాములా, ఎనిమిది కిలోలా అన్నది నాకు నేటికీ తెలియదు. ఆ రోజు నేను అడగవలసిన ప్రశ్న పరిమాణం గురించి కాదని తెలుసుకోవడానికి మాత్రం చాలా కాలం పట్టింది.

ఈ కొండల్లో నాకన్నా ఎక్కువ తిరిగినవారు ఉన్నారు. రాళ్ల సంఖ్యల్లో, సమయాల్లో, ఎవరు ఏ మాట అన్నారన్న దానిలో నేను పొరబడి ఉండవచ్చు. రూతమ్మ, మాబాషా దీనిని చదివితే, ఓబులేసుకు ఎవరైనా చదివి వినిపిస్తే, వారి జ్ఞాపకమే నా జ్ఞాపకం కన్నా పై మెట్టున నిలుస్తుంది. తప్పు కనబడినచోట కొట్టివేసి, సరైనది రాయవలసిందిగా పాఠకులందరినీ కోరుతున్నాను. అందుకు ముందుగా నా అనుమతి తీసుకోనవసరం లేదు.